తిరుపతమ్మ మనసుకు ప్రారంభోత్సవం

పిల్లల మనసులు బాగుచేయాలని పైవాళ్ళకి బుద్ధి పుట్టడం మంచి విషయమే. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే నేను ప్రతిదానికీ వంకలు పెట్టే మనిషినని మా హెడ్మాస్టరుగారు అంటారు. అంటారేమిటి, చాలాసార్లు అన్నారు కూడా.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, మనసులకంటూ సర్కారులో ఒక శాఖ లేదు. విద్యార్థుల మానసిక ఆరోగ్యం, జీవన నైపుణ్యాలు అని రాజధానిలో పెద్ద సదస్సు జరిగిందట. అందరూ బాగా చలించిపోయారట. భోజనాలయ్యాక కూడా ఆ చలనం తగ్గలేదట. వెంటనే ఏదో ఒకటి చేసి తీరాలని తీర్మానం చేసి, చేసేదెవరు అన్న దగ్గర ఆగిపోయారు. ఆ ఏడాది నిధులు ఖర్చు కాకుండా మిగిలిపోయింది ఒక్క విభాగంలోనే. బళ్ళలో మరుగుదొడ్లు బాగుచేసే ఇంజనీరింగు విభాగం అది. నిధులున్న చోటికే పని వెళ్ళాలి కాబట్టి, మనసుల్ని కూడా వాళ్ళకే అప్పగించారు.

ఆ విభాగానికి ఒకే ఒక ఉత్తర్వు రాయడం వచ్చు. మరుగుదొడ్ల మరమ్మతు ఉత్తర్వు. కంప్యూటర్లో దాన్నే తెరిచి, మరుగుదొడ్డి అని ఉన్న చోటల్లా మనసు అని మార్చి జిల్లాలన్నిటికీ పంపేశారు.

అది మా మునగలపాడు హైస్కూలుకి కూడా వచ్చింది. అందులో నాలుగో పేరా ఇది: "ప్రతి పాఠశాలలో బాలురకు, బాలికలకు వేర్వేరు మనసులు ఉండవలెను. ప్రతి మనసుకు లోపలి గడియ, తగిన వెలుతురు, నిరంతర నీటి సరఫరా కల్పించవలెను. ఉపాధ్యాయుల మనసులను విద్యార్థులు వాడరాదు. వాటి తాళంచెవి ప్రధానోపాధ్యాయుని వద్ద ఉండవలెను."

హెడ్మాస్టరుగారు ఇది స్టాఫ్ రూములో గట్టిగా చదివి వినిపించారు. "దీంట్లో ఏదో లోతుంది" అన్నారు మా తెలుగు మాస్టారు. ఆయన ప్రతిదాంట్లోనూ లోతు చూస్తారు.

నేను సోషల్ టీచర్ని. ఎనిమిదో తరగతి బి సెక్షన్‌కి క్లాస్ టీచర్ని. ప్రతి బడి నుంచీ ఒకరు శిక్షణకి రావాలంటే, నోరున్న మనిషినని నన్ను పంపించారు. నోరున్నవాళ్ళని ఊరవతలికి పంపడం హెడ్మాస్టరుగారికి ఎప్పుడూ సరదానే.

శిక్షణ ఇచ్చినాయన ఏఈ, అంటే అసిస్టెంటు ఇంజనీరు, పానకాలరావుగారు. మనిషి మంచివాడు. మా అందరికీ సమోసాలు అందాయో లేదో స్వయంగా చూసుకున్నాడు. చేతిలో కొలత టేపు ఉంది, మాట్లాడుతున్నంతసేపూ దాన్ని లాగుతూ వదులుతూ ఉన్నాడు.

"విద్యార్థి అంటే ఏందండీ? ఒక స్ట్రక్చరు" అని మొదలుపెట్టాడు. "బేస్‌మెంటు ఇంటికాడ పడుద్ది. గోడలు మీరు లేపుతారు. మరి పగుళ్ళు యాడ వస్తన్నయ్యి? దాన్ని క్షేత్రస్థాయిలో గుర్తించి, అంచనా తయారుచేసి, సాంకేతిక మంజూరు తీసుకోని, నిర్ణీత కాలవ్యవధిలో సంతోషాన్ని పునరుద్ధరించటమే ఈ పథకం ముఖ్యోద్దేశం."

నేను లేచాను. "సార్, ఒక పిల్ల ఏడుస్తూ మా దగ్గరికి వచ్చిందనుకోండి. ఏం చెయ్యాలండీ?"

"ఫోటో తియ్యాలి."

"తీశాక?"

"ముట్టుకోకూడదు."

హాలంతా నోట్సు రాసుకుంటోంది. నేను కూర్చోలేదు. "అదేంటండీ? ఏమైందని అడిగి, ఓ మంచి మాట చెప్పి పంపించొద్దా?"

ఆయన నన్ను జాలిగా చూశాడు. "మేడం, మీరు మంచి మనసుతో అంటన్నారు, నాకు తెలుసు. కానీ మంజూరు రాకుండా ఓదార్చారనుకోండి, అది అనధికార నిర్మాణం కిందికి వస్తది. రేపు నేను వచ్చేటప్పటికి పిల్ల నవ్వుతా ఉంటే, ఇక్కడ డ్యామేజీ ఉండేదని నాకేంది సాక్ష్యం? బోగస్ కేసంటారు. అందుకని తనిఖీ అయిందాకా సైటుని యథాతథ స్థితిలో కాపాడే బాధ్యత ఉపాధ్యాయులదే."

అంటే ఏడ్చే పిల్లని ఏడుస్తూనే ఉండనివ్వాలన్నమాట. నేను కూర్చున్నాను. సమోసా చల్లారిపోయింది.

ఆ మర్నాడు మధ్యాహ్నం తిరుపతమ్మ నా దగ్గరికి వచ్చింది.

తిరుపతమ్మ మా క్లాసు లీడరు. లీడరంటే పెద్ద పదవేం కాదు. టీచరు లేనప్పుడు మాట్లాడేవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయాలి. పేరు రాశాక కూడా మాట్లాడితే పక్కన ఇంటూ మార్కు పెట్టాలి. మిగతా సెక్షన్ల లీడర్లు లోకజ్ఞానం ఉన్నవాళ్ళు. తమ జట్టువాళ్ళని వదిలేసి వెనక బెంచీల పేర్లు రాస్తారు. ఈ పిల్లకి ఉన్న జబ్బల్లా నిజాయితీ. తన పక్కనే కూర్చునే పర్వీన్ పేరు కూడా రాసేసింది, రెండు ఇంటూలతో. సైన్సు మాస్టారు పర్వీన్‌ని బెంచీ ఎక్కించారు. దిగీ దిగగానే పర్వీన్ "నీ జట్టు పచ్చి" అనేసింది. మా ఊరి పిల్లల్లో ఆ మాట అన్నారంటే ఇక మాటల్లేవని అర్థం. పర్వీన్ అన్నాక క్లాసంతా అంది.

"టీచర్, నన్ను లీడర్నించి తీసెయ్యండి టీచర్" అంది తిరుపతమ్మ.

"ఏమైందే?"

"ఎవురూ నాతో మాట్టాడట్లా టీచర్. పర్వీనయితే నా టిఫిను బాక్సు మూత కూడా ముట్టుకోట్లేదు. నేను వచ్చే నెల సాగర్ టూరుకి రాను. బస్సులో నా పక్కన ఎవురూ కూచోరంట." ఆ చివరి మాట దగ్గర మోచేత్తో కళ్ళు తుడుచుకుంది.

ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. రేపట్నించి రోజుకొకరు లీడరు అని చెప్పేస్తే చాలు. రెండు రోజులు పోతే పర్వీన్ కూడా తిరుపతమ్మ పేరు రాస్తుంది, లెక్క సరిపోతుంది, ఇద్దరూ కలిసి సాగర్ వెళ్తారు. ఆ మాట అనడానికి నేను నోరు తెరిచాను కూడా.

"కదలొద్దు! అట్నే ఉండు తల్లీ!"

గుమ్మంలో హెడ్మాస్టరు పున్నారావుగారు. చేతిలో ఫోను, మొహంలో పండగ.

"అనసూయమ్మా, మండలంలో అన్ని బళ్ళూ కేసులు పంపించినయ్యి. మనదొక్కటే సున్నా. మీ పిల్లలంతా సంతోషంగా ఉన్నారంటే మీరు పనిచెయ్యట్లేదని అర్థం చేసుకోవాలా అని పొద్దున్నుంచీ పైనుంచి వాయిస్తన్నారు. ఏడుస్తందా? నిజం ఏడుపేనా? మొహం కొంచెం వెలుతురుకి తిప్పు తల్లీ. ఆ... బంగారంలా వచ్చింది!"

ఫోటో తీశాక ఫోనులో వివరాలు నింపడం మొదలుపెట్టారు. పేరయింది, తరగతి అయింది, తరవాత ఆగిపోయారు. "పైకప్పు రకం అని అడుగుతందమ్మా. రేకులా, పెంకులా, స్లాబా?"

"పిల్లకండీ?"

"అది నింపకపోతే ముందుకి పోట్లా." తిరుపతమ్మ నెత్తికేసి, నూనె పెట్టి బిగించి దువ్విన రెండు జడలకేసి కాసేపు పరిశీలనగా చూశారు. "గట్టిగానే ఉందిలే. స్లాబు పెట్టేద్దాం."

సమస్యకి కారణం అన్నచోట 'నాయకత్వ భారము' అని రాశారు.

"సార్, ఈ పిల్లని లీడర్‌గా తప్పిస్తే ఇప్పుడే, ఇక్కడే అయిపోతుంది కదండీ" అన్నాను.

"అమ్మా, నీకు దణ్ణం పెడతాను. కేసు పైకెళ్ళిపోయింది. ఇప్పుడు ఇది నీ పిల్లా కాదు, నా పిల్లా కాదు. ఈ పిల్ల బాధ ప్రభుత్వ ఆస్తి. కారణం కదిలిస్తే సైటు చెడిపోద్ది, నాకు మెమో వస్తది. ఏఈగారు వచ్చి చూసిందాకా తిరుపతమ్మే లీడరు, తిరుపతమ్మే పేర్లు రాస్తది." తరవాత తిరుపతమ్మ వైపు తిరిగి ఎంతో ప్రేమగా చెప్పారు. "నువ్వేం భయపడబాక తల్లీ. నిన్ను మంచిగా బాగుచేయిస్తాం. అప్పటిదాకా ఇట్టానే ఉండు."

ఆ రోజు నుంచి మా బడి మొత్తం ఒక పిల్ల దిగులుకి కాపలా కాసింది.

మా డ్రిల్లు మాస్టారు నాగూరువలీగారికి జోకులు వేసే అలవాటుంది. ఆయన్ని ఎనిమిది బి వైపు వెళ్ళొద్దన్నారు. మధ్యాహ్న భోజనం వండే ఏసమ్మ, పిల్ల సరిగా తినడం లేదని రెండో గుడ్డు వేసి తల నిమిరితే, హెడ్మాస్టరుగారు ఆవిణ్ణి గదిలోకి పిలిచారు.

"నిన్నెవరు ఓదార్చమన్నారు?"

"నేను ఓదార్చలేదండీ. గుడ్డేశాను."

"రెండింటికీ తేడా ఏందని రేపు ఆడిట్లో అడుగుతారు. నువ్వు చెప్తావా?"

ఒకరోజు ఎవరిదో మేకపిల్ల క్లాసులోకి వచ్చి లెక్కల మాస్టారి పంచె అంచు నమిలింది. క్లాసు గొల్లుమంది. తిరుపతమ్మ పెదవులు కూడా కాస్త కదిలాయని ఎవరో చెప్పగానే హెడ్మాస్టరుగారు పరిగెత్తుకొచ్చి మేకపిల్లని బయటికి తోలించి, లెక్కల మాస్టారిని ప్యాంటు వేసుకు రమ్మని లిఖితపూర్వకంగా ఆదేశించారు. ఇంతలో పిల్ల రోజూ పేర్లు రాస్తూనే ఉంది. కారణం కదలకూడదు కదా. రోజూ నలుగురైదుగురు కొత్తగా పగబట్టారు. ఆ పిల్ల పక్కన ఒక బెంచీ ఖాళీ అయింది, తరవాత వెనక బెంచీ కూడా ఖాళీ అయింది. తనిఖీ నాటికి సైటు చుట్టూ బోలెడంత జాగా ఏర్పడింది.

పానకాలరావుగారు వచ్చి ముందు ఆ జాగా చూసి సంతోషించారు. "ఇట్టా ఉండాలండీ. పని చేసుకోడానికి ఎంత వీలుగా ఉందో!"

ఆ తరవాత టేపు తీశారు. కనుబొమ్మ నుంచి గడ్డం దాకా కొలిచారు. పెదవి చివర్లు ఎంత కిందికి దిగాయో చూసి, "పునాది కుంగింది" అని వెంట తెచ్చుకున్న అసిస్టెంటు చేత రాయించారు. వేలి కణుపుతో నెత్తి మీద మెల్లగా తట్టి చెవి ఆనించి విన్నారు. "డొల్ల లేదు. మంచి మెటీరియలు."

"లీకేజీ ఎప్పుడెప్పుడు వస్తదమ్మా?"

తిరుపతమ్మ నా వైపు చూసింది. "ఎప్పుడు ఏడుస్తావని అడుగుతున్నారే" అన్నాను.

"ఇంటికెళ్ళాక సార్."

"ఒక పక్కనుంచా, రెండు పక్కలా?"

"రెండు కళ్ళల్లోనూ వస్తయ్యి సార్."

"ఉభయ పార్శ్వ లీకేజీ" అని రాయించారు. "వర్షాకాలంలో ఎక్కువవుద్దా?"

చెవి నుంచి చెవికి టేపు పట్టినప్పుడు దాని అంచు మెడకి తగిలి, ఆ పిల్ల కిసుక్కున నవ్వింది.

పానకాలరావుగారి చేతిలోంచి టేపు జారి సర్రున చుట్టుకుపోయింది. హెడ్మాస్టరుగారి మొహం పాలిపోయింది. "నవ్వు కాదండీ అది! బాధ ఎక్కువైతే మా పిల్ల అట్టా అంటది" అన్నారు గబగబా.

ఏఈగారు ఆలోచించారు. "అవునులెండి. కుంగిన స్ట్రక్చర్లలో అట్టాంటి చప్పుళ్ళు వస్తంటయ్యి." అప్పుడప్పుడు శబ్దములు వచ్చుచున్నవి అని రాయించారు.

ఆయన జీపు ఎక్కబోతుంటే నేను వెంట వెళ్ళాను. "సార్, మీరు చూడ్డం అయిపోయింది కదా. ఇకనన్నా ఈ పిల్లని లీడర్‌గా తప్పించనివ్వండి. బాధకి కారణం అదే."

"మేడం, కారణం తీసెయ్యటం మన స్కోపులో లేదండీ. మనది డ్యామేజీ వరకే. పైపు ఎందుకు పగిలిందని మేం ఎన్నడూ అడగలేదు. పగిలింది, బాగుచేశాం. మళ్ళీ పగిలితే మళ్ళీ బాగుచేశాం." ఎంతో నిజాయితీగా చెప్పాడాయన. తిరుపతమ్మకి తప్ప ఇంకెవరికైనా నిజాయితీ ఉందంటే నాకు ఆ రోజు భయమేసింది.

మంజూరు వచ్చింది. టెండరు పిలిచారు. మా బడి మరుగుదొడ్లు కట్టిన కాంట్రాక్టరు అప్పిరెడ్డిగారికే దక్కింది. ఆయన ఇద్దరు మేస్త్రీలతో, ఒక నిచ్చెనతో దిగారు. నిచ్చెన ఎందుకని అడిగితే, పని ఏదైనా నిచ్చెన తెస్తామన్నారు.

అంచనా కాగితం నా చేతిలో పెట్టి, "మేడంగారూ, ఇదేందో కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి. లోపలివైపు ప్రోత్సాహం ఒక కోటింగు, బయటివైపు ప్రశంస రెండు కోటింగులు అని ఉంది. ఈ ప్రశంస అనేది గుంటూరు అంతా తిరిగాను, ఏ కొట్లోనూ లేదంటన్నారు. పోనీ ప్రైమరు కొట్టేమంటారా?" అన్నాడు.

"కొట్టొద్దు. పిల్లతో మంచి మాట చెప్పండి."

ఆయన తలపాగా తీసి చేత్తో పట్టుకుని, తిరుపతమ్మ ముందు నిలబడి చాలాసేపు ఇబ్బంది పడ్డాడు. చివరికి, "అమ్మాయ్, నువ్వు చానా మంచిదానివి" అన్నాడు.

"థాంక్యూ అండీ" అంది తిరుపతమ్మ.

"ఆరనియ్యండ్రా" అని మేస్త్రీలకి చెప్పి టీకి వెళ్ళిపోయాడు. వచ్చి మళ్ళీ అదే మాట అన్నాడు. రెండో కోటింగుకి ఇంకో మాట వాడొచ్చుగా అంటే, వేరే షేడు అంచనాలో లేదన్నాడు.

జీవన నైపుణ్యాలకి వేరే పద్దు ఉంది. ప్రతి మనసుకు నాలుగు నైపుణ్యములు, నాణ్యత ముద్ర కలవి, వంగకుండా బిగించవలెను అని. నిర్ణయం తీసుకొనుట, ధైర్యముగా పలుకుట, ఒత్తిడిని తట్టుకొనుట, నలుగురితో కలియుట అని నాలుగు రేకు ముక్కల మీద రంగుతో రాయించి, తిరుపతమ్మ బెంచీకి మేకులతో కొట్టారు. నాలుగోదానికి మేకులు చాలక అది ఒక పక్కకి వేలాడింది.

తరవాత క్యూరింగు. సిమెంటు పని చేశాక పగుళ్ళు రాకుండా కొన్నాళ్ళు తడుపుతారే, అదే. ఉదయం ప్రార్థన అయ్యాక, సాయంత్రం గంట కొట్టే ముందు ఒక మేస్త్రీ బకెట్టుతో వచ్చి తిరుపతమ్మ మొహం మీద నీళ్ళు చిలకరించి వెళ్ళేవాడు. మిగతా పిల్లలంతా కిటికీల దగ్గర గుమిగూడి చూసేవాళ్ళు. పర్వీన్ కూడా వచ్చేది. నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని చూసేది గాని, మాట్లాడేది కాదు. జట్టు పచ్చి అంటే పచ్చే.

పనులన్నీ పూర్తయిన రోజు సాయంత్రం తిరుపతమ్మ తడి మొహంతో నా దగ్గరికి వచ్చి తుమ్మింది.

"టీచర్, నన్ను ఎప్పుడు బాగుచేస్తారు?"

"అయిపోయిందటే తల్లీ. రేపే ప్రారంభోత్సవం."

"మరి పర్వీను మాట్టాడట్లేదుగా టీచర్?" అంది. "ఎల్లుండేగా సాగర్ టూరు? అమ్మ పులిహోర చేస్తానంటంది. నేను వద్దన్నాను. ఒక్కదాన్నే కూచోని తింటే బాగోదు."

నాకు ఏడుపొచ్చింది. ఎవరైనా ఫోటో తీస్తారేమోనని ఆపుకున్నాను. పదిమందికి పాఠం చెప్పే మనిషిని, కళ్ళెదుట ఒక పిల్ల ఇంత చిన్న సాయం అడుగుతుంటే చెయ్యలేక నిలబడ్డాను, ఒక నిచ్చెనా ఒక బకెట్టూ నాకు అడ్డం.

శుక్రవారం ప్రారంభోత్సవం. జిల్లా నుంచి ఎస్ఈగారు, అంటే ఆ విభాగానికి పెద్ద ఇంజనీరు, స్వయంగా వచ్చారు. మైకు, శాలువాలు, పూలబొకేలు అన్నీ మా క్లాసులోకే తెచ్చారు. తిరుపతమ్మ బెంచీకి ఈ చివర నుంచి ఆ చివరికి ఎర్ర రిబ్బను కట్టారు. వెనకాల పిల్ల తలనిండా కనకాంబరాలతో కూర్చుంది. గోడకి నల్లరాతి ఫలకం బిగించారు. కుమారి తిరుపతమ్మ మనసు గౌరవనీయ ఎస్ఈగారి అమృత హస్తములతో ప్రారంభించబడినది అని బంగారు అక్షరాలతో ఉంది. దాని కింద, చెక్కినతనికి అలవాటైపోయి కాబోలు, వాడిన పిదప నీరు పోయవలెను అని కూడా ఉంది.

కొబ్బరికాయ కొట్టారు. కత్తెర పళ్ళెంలో వచ్చింది. రిబ్బను కత్తిరించి, తిరుపతమ్మకి నమస్కారం పెట్టి, ఎస్ఈగారు మైకు అందుకున్నారు.

"ఈ రోజు చరిత్రాత్మకమైన రోజు. ఒక బాలిక మనసును నిర్ణీత గడువుకు ముందే పూర్తిచేసి జాతికి అంకితం చేస్తున్నాం. బాలల మాటను ఆలకించడమే మా విభాగం ప్రథమ ప్రాధాన్యం. ఆలకించడం అంటే ఏమిటి? ఆలకించడం గురించి నేను మూడు ముక్కలు చెప్తాను..."

ఆ మూడు ముక్కల్లో మొదటిది ముగిసే సూచనలు లేవు. పక్కన పానకాలరావుగారు బిల్లు సంగతి హెడ్మాస్టరుగారి చెవిలో ఊదుతున్నారు. హెడ్మాస్టరుగారు బిర్యానీ పొట్లాలు ఎక్కడిదాకా వచ్చాయని ఫోనులో అడుగుతున్నారు. నేను సైన్సు మాస్టారితో ఈ భాగోతమంతా మీరు బెంచీ ఎక్కించినందుకే అని గొణుగుతున్నాను, నాదేం తప్పని ఆయన తిరిగి గొణుగుతున్నారు. వెనక బెంచీల్లో పిల్లలు కూడా గుసగుసలు మొదలుపెట్టారు. అది విని హెడ్మాస్టరుగారికి కోపం వచ్చింది. ఫోను చెవిన ఉండగానే, అలవాటు కొద్దీ గట్టిగా అరిచారు.

"ఏంది ఆ గోల? లీడరెవరు? లేచి మాట్లాడేవాళ్ళ పేర్లు రాయి!"

తిరుపతమ్మ లేచింది. ప్రారంభమైన మనసు కనక లేవచ్చు. బోర్డు దగ్గరికి వెళ్ళి సుద్దముక్క తీసుకుని క్లాసు వైపు తిరిగింది. పిల్లలందరూ నోటిమీద వేలేసుకున్నారు. పర్వీన్ అయితే పెదవులు లోపలికి మడుచుకుని కూర్చుంది. తిరుపతమ్మ ఒక్కొక్క బెంచీనే చూసుకుంటూ వచ్చింది. ఎవరూ మాట్లాడటం లేదు. అప్పుడు మా వైపు చూసింది.

చూసి, బోర్డు వైపు తిరిగి, గుండ్రటి అక్షరాలతో రాసింది. ఎస్ఈ సార్. దాని కింద ఏఈ సార్. దాని కింద హెడ్మాస్టరు సార్. ఒక్క క్షణం ఆగి, నా వైపు క్షమించమన్నట్టు చూసి, అనసూయ టీచర్ అని రాసింది. ఆ కింద సైన్సు మాస్టారు.

ఎస్ఈగారి వీపు బోర్డు వైపు ఉంది. "ఆలకించాలంటే ముందు మనం మౌనంగా ఉండాలి" అంటున్నారాయన. తిరుపతమ్మ ఆయన పేరు పక్కన ఒక ఇంటూ పెట్టింది. "మౌనం గురించి ఇంకా వివరంగా చెప్పాలంటే" అన్నారు. రెండో ఇంటూ పెట్టింది. "ఈ సందర్భంగా నా చిన్నతనం గుర్తుకొస్తోంది" అన్నారు. మూడో ఇంటూ.

మొదట పర్వీన్ నవ్వింది. ఆపుకోలేక చున్నీలో మొహం దాచుకుంది, చున్నీ కూడా ఆపలేకపోయింది. ఆ తరవాత ఎనిమిది బి మొత్తం పగలబడి నవ్వింది. కిటికీల అవతల ఎనిమిది ఎ నవ్వింది. బోర్డు దగ్గర సుద్దముక్క పట్టుకుని నిలబడ్డ తిరుపతమ్మ వాళ్ళని చూసి, బిగ్గరగా నవ్వేసింది. ఆ నవ్వు విని నేనెంత హాయిగా ఊపిరి పీల్చుకున్నానో చెప్పలేను.

ఎస్ఈగారు వెనక్కి తిరిగి బోర్డు చదివారు. "ఏమిటిది?"

హెడ్మాస్టరుగారి ఫోను కిందపడింది. అయినా ఆయన ఊరికే హెడ్మాస్టరు కాలేదు. బెంచీకి కొట్టిన రేకులు చూపించి, "జీవన నైపుణ్యం సార్! రెండోది. ధైర్యముగా పలుకుట. మొన్ననే బిగించాం. అప్పుడే పనిచేస్తంది సార్!" అన్నారు.

పానకాలరావుగారు ఈ సందులో గబగబా ఫోటో తీశారు. ఎస్ఈగారు ఫోటో చూశారు, పిల్లని చూశారు, ఇంకా నవ్వు ఆపని క్లాసుని చూశారు. ఆయన కనుబొమ్మలు ముడిపడ్డాయి.

"ఏఈగారూ, అంచనాలో ఇంత నవ్వు ఉందా?"

"లేదు సార్. చిరునవ్వు వరకే మంజూరు."

"మరి ఈ అదనపు పరిమాణం ఎవరి అనుమతితో జరిగింది? పైగా చుట్టుపక్కల మనసులకి కూడా పాకింది. క్లాస్ టీచరు నుంచి వివరణ తీసుకోండి."

ఆ వివరణ నేను ఇంకా రాస్తూనే ఉన్నాను.

కార్లు వెళ్ళిపోయాయి. బిర్యానీ వాసన మిగిలింది. పర్వీన్ తిరుపతమ్మ బెంచీ దగ్గరికి వచ్చి, వేలాడుతున్న నాలుగో రేకుని పక్కకి నెట్టి, తన పాత చోట్లో కూర్చుంది.

"సైన్సు సారు పేరు కూడా రాశావుగా" అంది.

"మాట్టాడాడుగా మరి."

"సరే, జట్టు. కానీ బస్సులో కిటికీ పక్కన నేనే కూచుంటా. పులిహోర తెస్తావా?"

"తెస్తా."

సాయంత్రం గంట కొట్టాక నేను తిరుపతమ్మని పిలిచాను. ఇక నన్ను ఆపడానికి సైటూ లేదు, మంజూరూ లేదు. "ఇదుగోనే, సోమవారం నుంచి నువ్వు లీడరువి కాదు. రోజుకొకరిని పెడతాను. సరేనా?" అన్నాను.

పిల్ల ఎగిరి గంతేస్తుందనుకున్నాను. పుస్తకాల సంచి భుజానికి సర్దుకుంటూ ఆలోచనలో పడింది.

"ఇంకొన్నాళ్ళు ఉంచండి టీచర్" అంది.

"అదేంటే! నువ్వే కదా తీసెయ్యమన్నావు?"

"సోమవారం ఆడిటోళ్ళు వస్తన్నారంటగా టీచర్. వాళ్ళు బాగా మాట్టాడతారంట."